హైవే మీంచి కనబడని లెక్కలు: ఇండియా పేద దేశమా, ఎదిగిన దేశమా?

ఒకే వాట్సాప్ గ్రూపులో పొద్దున ఒక ఫార్వర్డ్ వస్తుంది, ఇండియా ఆర్థికంగా జపాన్‌ను దాటేస్తోందని. సాయంత్రం ఇంకొకటి వస్తుంది, 2024 ప్రపంచ ఆకలి సూచీలో 127 దేశాల్లో మనది 105వ స్థానమని. రెండింటి కిందా కొట్లాట మొదలవుతుంది. ఒకరు దేశం పరువు తీస్తున్నారంటారు, ఇంకొకరు మా మండలానికొచ్చి చూడమంటారు. డల్లాస్ నుంచి సెలవులకొచ్చిన చుట్టం హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీద చౌటుప్పల్, నార్కట్‌పల్లి దాటుతూ హోటళ్లు, షోరూములు, వెంచర్ల బోర్డులు చూసి "మస్తు డెవలప్ అయింది కదా" అంటాడు. అదే చౌటుప్పల్ దగ్గర దక్షిణానికి తిరిగి మునుగోడు మీదుగా మర్రిగూడ దాకా వెళ్లి, అక్కడి నడివయసు దాటినవాళ్ల వంగిపోయిన కాళ్లు చూసినవాళ్లు ఇంకో మాట చెబుతారు.

2025 జూన్‌లో ప్రపంచ బ్యాంకు కొత్త లెక్కలు వచ్చాక ఈ గొడవ ఇంకా పెరిగింది. ఇండియాలో తీవ్ర పేదరికం 2011-12లో 27.1 శాతం ఉండేదని, 2022-23కి 5.3 శాతానికి తగ్గిందని ఆ లెక్క. అంత తగ్గిందా, లేక కొలతే మారిందా? ఈ రెండో ప్రశ్న అడిగినవాళ్లను దేశద్రోహులనో, మొదటిది నమ్మినవాళ్లను భజనపరులనో తిట్టుకుంటూ పోతే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఒక్కో అంకె ఏ ప్రశ్నకు జవాబో తెలుసుకుంటే చాలా చిక్కు విడిపోతుంది. బయటినుంచి చూసేవాళ్లకు, అది విదేశీ పత్రికైనా, ఎన్నారై అయినా, హైదరాబాద్ ఆఫీసరైనా, దూరం నుంచి కంటికి ఆనేవే ముందు దొరుకుతాయి. మా నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో పేదరికమూ ప్రగతీ రెండూ చాలావరకు అలా కంటికి ఆననివి. నేను రాస్తున్నది దాని గురించే.

## మొత్తం సొమ్ము వేరు, తలకు వచ్చేది వేరు

నాలుగో స్థానం, ఐదో స్థానం అని వినేదంతా దేశం మొత్తం ఉత్పత్తి విలువ, అంటే జీడీపీ. 140 కోట్లకు పైగా జనం పనిచేసే దేశంలో ఆ మొత్తం పెద్దగానే ఉంటుంది. దాన్ని తలకింత అని పంచితే ఏడాదికి సుమారు 2,700 డాలర్లు వస్తుంది, ఆ వరుసలో మనకన్నా ముందు నూట ముప్పైకి పైగా దేశాలున్నాయి. ఒకటి దేశం బలం గురించి చెబుతుంది, ప్రపంచ మార్కెట్లో మన మాటకు విలువెంతో చెబుతుంది. ఇంకొకటి సగటు మనిషి గురించి. ఒకటి నిజమైతే ఇంకొకటి అబద్ధం కానక్కర్లేదు.

ఈ సగటులోనూ ఒక మాయ ఉంది. తెలంగాణలో తలసరి ఆదాయంలో మొదటి జిల్లా రంగారెడ్డి. గచ్చిబౌలి, రాయదుర్గం, మాదాపూర్ ఐటీ కంపెనీలన్నీ ఆ జిల్లా లెక్కలోకి వస్తాయి కాబట్టి. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు అప్పటిదాకా మహబూబ్‌నగర్‌లో ఉన్న ఆమనగల్లు, తలకొండపల్లి, మాడ్గుల మండలాలను రంగారెడ్డిలో కలిపారు. అంటే మాడ్గులలో వానల మీద ఆధారపడి పత్తి వేసుకునే రైతు రాత్రి పడుకునేటప్పుడు వెనకబడిన జిల్లావాడు, పొద్దున లేచేసరికి రాష్ట్రంలోనే ధనిక జిల్లావాడు. జేబులో ఒక్క రూపాయి పెరగలేదు. దేశాల సగటులు చూసి మనుషుల గురించి మాట్లాడేటప్పుడు జరిగేది కూడా ఇదే, కాకపోతే కొన్ని వేల రెట్లు పెద్దగా జరుగుతుంది.

## మూడు డాలర్లంటే రెండొందల యాభై రూపాయలు కాదు

ప్రపంచ బ్యాంకు తీవ్ర పేదరికానికి గీసిన గీత ఇప్పుడు మనిషికి రోజుకు మూడు డాలర్లు. 2025 జూన్‌కు ముందు అది 2.15 డాలర్లు. చాలామంది దీన్ని బ్యాంకు రేటుతో గుణిస్తారు. డాలరు 85 రూపాయల పైమాటే కాబట్టి మనిషికి రోజుకు 255 రూపాయలు, ఐదుగురి ఇంటికి నెలకు 38 వేలకు పైనే. ఇంత ఖర్చుపెట్టలేనివాళ్లు ఇరవైమందిలో ఒక్కరేనా అని ఆశ్చర్యపోతారు. ఆశ్చర్యపోవడం న్యాయమే, ఎందుకంటే ఆ గుణకారమే తప్పు.

ఈ గీతలోని డాలరు కొనుగోలు శక్తి డాలరు. అమెరికాలో ఒక డాలరుతో కొనగలిగినంత సరుకు ఇక్కడ కొనాలంటే ఎన్ని రూపాయలు కావాలన్నది చూసి లెక్కగడతారు. అక్కడ జుట్టు కత్తిరించుకోవాలంటే ఇరవై డాలర్లయినా పెట్టాలి, నల్లగొండలో వంద రూపాయలతో పనైపోతుంది. ఇలాంటి ధరలన్నీ పోల్చి చూస్తే ఇండియాకు ఆ డాలరు విలువ సుమారు 20 రూపాయలు తేలింది. కాబట్టి మూడు డాలర్లంటే 2021 ధరల్లో రోజుకు అరవై రూపాయల చిల్లర. ఐదుగురి ఇంటికి నెలకు తొమ్మిది వేలు. అందులోనే తిండి, బట్ట, మందులు, బస్సు చార్జీలు, అన్నీ. 5.3 శాతం అంటున్నది అంతకన్నా కింద ఉన్నవాళ్లను.

ఈ గీత ప్రపంచంలో అతిపేద దేశాలు తమకు తాము గీసుకున్న గీతల నుంచి తీసింది. మనలాంటి దిగువ మధ్యాదాయ దేశాలకు ప్రపంచ బ్యాంకే ఇంకో గీత పెట్టింది, 4.20 డాలర్లు. దాని ప్రకారం చూస్తే 2022-23లో మన దేశంలో పేదలు దాదాపు 24 శాతం. అదే సర్వే, అదే ఏడాది, అదే సంస్థ. నచ్చినవాళ్లు 5 చెబుతారు, నచ్చనివాళ్లు 24 చెబుతారు.

తగ్గుదల ఎంత అన్నదాని మీద ఆర్థికవేత్తల్లోనే ఏకాభిప్రాయం లేదు. 2011-12 తర్వాత 2017-18లో వినియోగ సర్వే చేశారు గానీ, నాణ్యత బాగాలేదంటూ కేంద్రం దాని ఫలితాలు విడుదల చేయలేదు. 2022-23లో ప్రశ్నలు అడిగే పద్ధతే మారింది, కూరగాయలు, పాలలాంటివాటికి గత ఏడు రోజుల ఖర్చు, బట్టలు, సామాన్లకు ఏడాది ఖర్చు అడిగారు. ఇలా అడిగితే మనిషికి బాగా గుర్తుంటుంది, లెక్కలోకి ఖర్చు ఎక్కువగా వస్తుంది. అందుకే పాత సర్వేతో సూటిగా పోల్చకూడదని కొందరు, సర్దుబాటు చేసి పోల్చినా తగ్గుదల పెద్దదేనని ఇంకొందరు. అసలు తగ్గలేదనే ఆర్థికవేత్తలు మాత్రం తక్కువే.

గీత జరిగితే జనం ఎలా జరుగుతారో మనం మన దేశంలోనే చూశాం. 2011లో ప్రణాళికా సంఘం పట్నంలో రోజుకు 32 రూపాయలు, పల్లెలో 26 రూపాయలు ఖర్చుపెట్టగలిగినవాడు పేదవాడు కాదన్నట్టు సుప్రీంకోర్టుకు చెబితే దేశమంతా మండిపడింది. సంఘం అప్పట్లో వాడిన టెండూల్కర్ కమిటీ పద్ధతిలో 2011-12లో పేదలు 21.9 శాతం. గొడవ తర్వాత వేసిన రంగరాజన్ కమిటీ 2014లో గీతను కాస్త పైకి జరిపితే అదే ఏడాదికి 29.5 శాతం. సుమారు తొమ్మిది కోట్ల మంది తేడా.

## ఒక కుటుంబం, మూడు లెక్కలు, ఎక్కడా లేని అప్పు

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసుకుందాం. కుటుంబం ఊహించిందే గానీ, నారాయణపేట, మక్తల్, కొడంగల్ వైపు ఇలాంటి ఇళ్లు వీధికి నాలుగు దొరుకుతాయి. భార్యాభర్తలు, ఏడో తరగతి చదివే పన్నెండేళ్ల పాప, నాలుగేళ్ల బాబు, ముసలమ్మ. రెండెకరాల చెలక, అంటే వానల మీద ఆధారపడే భూమి, ఉంది. కందులు వేస్తారు, కోత అయ్యాక దంపతులు కూలీల్ని పోగుచేసి తీసుకెళ్లే గుంపు మేస్త్రి వెంట బిల్డింగ్ పనికి పోతారు, బాబును వెంట తీసుకుపోయి పాపను నానమ్మ దగ్గర ఉంచుతారు. ఇల్లు స్లాబుదే. కరెంటు ఉంది, టాయిలెట్ ఉంది, మిషన్ భగీరథ మంచినీళ్ల పథకం నల్లా ఉంది, బ్యాంకు ఖాతా, టీవీ, సెల్‌ఫోన్, బైకు ఉన్నాయి. గ్యాస్ సిలిండర్ ఉంది గానీ ఎక్కువగా కట్టెల పొయ్యి మీదే వండుతారు. రేషన్‌లో మనిషికి ఆరు కిలోల చొప్పున సన్నబియ్యం వస్తుంది. బాబు వయసుకు తగ్గ బరువు లేడు.

వీళ్ల ఇల్లు రోడ్డు మీంచి చూసిన బయటి మనిషికి పేదిల్లులా కనబడదు.

మొదటి లెక్క ఖర్చు. నెలకు 14 వేలనుకుందాం. మనిషికి 2,800, రోజుకు 93 రూపాయలు. పెరిగిన ధరలు తీసేసి 2021 ధరల్లోకి మారిస్తే 75 రూపాయలకు అటూఇటూ. మూడు డాలర్ల గీత దాటారు కాబట్టి తీవ్ర పేదలు కారు. 4.20 డాలర్ల గీత 85 రూపాయల దగ్గర ఉంటుంది, దాని ప్రకారం పేదలే. 2022-23 సర్వేలో తెలంగాణ పల్లెల సగటు ఖర్చు మనిషికి నెలకు 4,802 రూపాయలు, వీళ్లది అందులో అరవై శాతం కూడా లేదు.

రెండోది నీతి ఆయోగ్ వాడే బహుముఖ పేదరిక సూచీ. ఇందులో డబ్బు అడగరు, లోటు అడుగుతారు. ఆరోగ్యం, చదువు, జీవన ప్రమాణం అని మూడు భాగాలు, వాటిలో 12 అంశాలు, ఒక్కోదానికి కొంత బరువు. లోట్ల బరువు మొత్తంలో మూడో వంతుకు చేరితే ఆ ఇల్లు పేదది. వీళ్లింట్లో బాబు పోషకాహార లోపానికి ఆరో వంతు, కట్టెల పొయ్యికి ఇరవై ఒకటో వంతు. కలిపితే 21 శాతం. 33 దాటలేదు, పేదలు కారు. ఇక ఈ ఏడాది నానమ్మకు కాళ్లు పడిపోయాయనుకోండి, పాపను ఊళ్లో ఉంచే దిక్కులేక తమ్ముణ్ని చూసుకోవడానికి వెంట తీసుకెళ్లారనుకోండి. బడి మానేసిన బిడ్డకు ఇంకో ఆరో వంతు కలుస్తుంది. 38 శాతం. ఇంటిల్లిపాదీ ఒక్కసారిగా పేదలైపోతారు, సంపాదన పైసా తగ్గకుండానే. నాకైతే ఈ రెండో లెక్క ఇక్కడ ఎక్కువ నిజం చెప్పిందనిపిస్తుంది, ఎందుకంటే ఆ ఇంటి రేపటి రోజు నిజంగానే ఆ పాప బడి మీద ఆధారపడి ఉంది. 2011 జనాభా లెక్కల్లో అక్షరాస్యతలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే అట్టడుగున ఉన్న జిల్లా మహబూబ్‌నగర్, 55 శాతం. అలాంటి చోట ఒక ఆడపిల్ల ఏడు దాటి ఎనిమిదికి పోవడం రోడ్డు మీంచి కనబడని ప్రగతి.

ఈ సూచీ ప్రకారం తెలంగాణలో పేదలు 2015-16లో 13.18 శాతం, 2019-21లో 5.88 శాతం. కరెంటు, గ్యాస్, టాయిలెట్, బ్యాంకు ఖాతా వేగంగా పెరిగాయి కాబట్టి ఈ తగ్గుదల నమ్మదగిందేనని ఒక వాదన. ఖాతా తెరిచినంత మాత్రాన అందులో డబ్బుండదని, సిలిండర్ నింపుకునే స్తోమతను ఈ సూచీ పట్టుకోలేదని ఇంకో వాదన. రెండూ వినదగినవే.

మూడో లెక్క పేదరికం గీతలు గీసేవాళ్లు వేయనిది. ఆ దంపతులు పనికి కుదిరేటప్పుడు మేస్త్రి దగ్గర అరవై వేలు అడ్వాన్స్ తీసుకున్నారనుకోండి, చెల్లి పెళ్లి కోసం. అది కూలీలో కోత పడుతూ తీరాలి. అడ్వాన్స్ తీరేదాకా ఇంకోచోట ఎక్కువ కూలీ ఇస్తామన్నా పోలేరు. జ్వరమొచ్చి పడుకున్న రోజులూ మేస్త్రి నోటుబుక్కులో ఉంటాయి. ఖర్చు సర్వేలో ఆ అరవై వేలతో చేసిన ఖర్చు, ఖర్చుగానే కనబడుతుంది, అంటే అప్పు తెచ్చిన ఏడాది ఆ ఇల్లు కాస్త బాగుపడినట్టు లెక్క తేలుతుంది. నీతి ఆయోగ్ 12 అంశాల్లో అప్పు లేదు. పైగా సైటు పక్కన రేకుల షెడ్లలో ఆరునెలలు ఉండే మనుషులు సర్వే చేసేవాళ్లకు దొరకడమే కష్టం.

## పుస్తకాల్లో నల్లగొండ పేరు ఎలా ఎక్కింది

నల్లగొండ పేరు విదేశాల్లో నీటి ఇంజనీరింగ్ చదివేవాళ్లకు తెలుసు. నాగ్‌పూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) 1970లలో తయారుచేసిన, పటిక, సున్నంతో నీళ్లలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అనే పేరు పెట్టారు. ఆఫ్రికాలోనూ ఆ పద్ధతి వాడారు. మా జిల్లా ప్రపంచానికి తెలిసింది ఒక జబ్బు పేరుతో.

ఇక్కడి గ్రానైట్ రాళ్లలోనే ఫ్లోరైడ్ ఉంది. బావులెండి బోర్లు లోతుకు పోయేకొద్దీ నీళ్లలో అది పెరిగింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, ఇక్కడి చాలా ఊళ్లు తరతరాలుగా దానికి ఎన్నో రెట్లున్న నీళ్లు తాగాయి. ముందు పళ్ల మీద పసుపు, గోధుమ గారలు. తర్వాత మెడ తిరగదు, నడుం వంగదు, వంగితే లేవదు. కాళ్లు దొడ్డికాళ్లవుతాయి. నలభై ఏళ్ల మనిషి చెంబు ఎత్తి తాగాలంటే తల వెనక్కి వాలదు, కాబట్టి మొత్తం ఒంటినే వెనక్కి వాల్చాలి.

ఇలాంటి మనిషి ఉన్న ఇంట్లో కొడుకు హైదరాబాద్‌లో డ్రైవరై ఉండొచ్చు, పెద్దాయనకు నెలకు 4,016 రూపాయల దివ్యాంగుల పెన్షన్ వస్తుండొచ్చు, ఖర్చు లెక్కలో ఆ ఇల్లు గీత పైనే ఉంటుంది. ఇంకో సంగతి, బహుముఖ పేదరిక సూచీలో తాగునీటి అంశం చూస్తే బోరు నీళ్లు మెరుగైన నీటి వనరు కిందికే వస్తాయి. మర్రిగూడలో మనుషుల ఎముకలు వంచిన నీళ్లు ఆ గడిలో లోటు లేదని నమోదవుతాయి. సూచీ చేసినవాళ్ల దురుద్దేశం ఇందులో లేదు, దేశమంతటికీ ఒకే ప్రశ్నల పట్టిక పెడితే ఒక ఊరి రాయీ నీరూ అందులో ఇమడవు.

కృష్ణా నీళ్లు, ఆ తర్వాత మిషన్ భగీరథ నల్లాలు వచ్చాక పుట్టిన పిల్లల పళ్లు తెల్లగా ఉండటం నిజమైన ప్రగతి, దాన్ని కాదనేవాళ్లు ఈ ఊళ్లకు రాలేదనే అనుకోవాలి. ఒకసారి వంగిన ఎముక మాత్రం తిరిగి నిలబడదు. అందువల్ల ఇక్కడ ఒకే అరుగు మీద తాత ఒంట్లో పాత పేదరికం, మనవడి నోట్లో కొత్త ప్రగతి కూర్చుని ఉంటాయి. బయటినుంచి వచ్చే కెమెరా తాతను తీసుకుపోతుంది, ప్రభుత్వ ప్రకటన మనవణ్ని చూపిస్తుంది.

## చూపించడం పరువు తీయడమా?

విదేశీ పత్రికలు, సంస్థలు మన పేదరికాన్నే వెతికి చూపిస్తాయని చాలామందికి కోపం. ఆ కోపంలో న్యాయముంది. 1990ల చివర్లో, 2000 తొలి రోజుల్లో దేవరకొండ వైపు తండాల నుంచి ఆడపిల్లల్ని దత్తత పేరుతో అమ్మిన సంగతి బయటపడ్డాక ఆ తండాల గురించి దూరాన ఉన్నవాళ్లకు తెలిసింది అదొక్కటే. కొన్న చేతులు, దళారులు, నీళ్లు లేని భూమి, కట్నం భయం అన్నీ పక్కకు పోయి తల్లులే నేరస్తులుగా మిగిలారు. తర్వాత అవే తండాల నుంచి చదువుకుని ఉద్యోగాలకు వెళ్లిన అమ్మాయిల గురించి రాయడానికి అంతమంది రాలేదు.

కానీ చూడకపోతే ఏమయ్యేదో కూడా ఆలోచించాలి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది పోటీలో నిలిచారు. జల సాధన సమితి ఆధ్వర్యంలో రైతులు, ఫ్లోరైడ్ బాధితులు కావాలనే అన్ని నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది, దేశం మొత్తం ఒక్కసారి నల్లగొండ వైపు చూసింది. వాళ్లు బయటివాళ్ల చూపును వద్దనలేదు, రప్పించుకున్నారు, చూసినవాళ్లు ఏం చూడాలో కూడా వాళ్లే నిర్ణయించారు.

ఆకలి సూచీ మీద ప్రభుత్వానికీ దాన్ని తయారుచేసే విదేశీ సంస్థలకూ ఉన్న తగాదా కూడా ఇక్కడే అర్థం చేసుకోవాలి. ఆ సూచీలో నాలుగు అంశాలున్నాయి, అందులో మూడు పిల్లలవే: వయసుకు తగ్గ ఎత్తు లేకపోవడం, ఎత్తుకు తగ్గ బరువు లేకపోవడం, ఐదేళ్లలోపు మరణాలు. పిల్లల కొలతలు పెట్టి దేశం మొత్తం ఆకలితో ఉందనడం తప్పని ప్రభుత్వం అభ్యంతరం. పేరు విషయంలో ఆ అభ్యంతరం సబబే, ఆకలి అనగానే మనకు ఖాళీ కంచం కళ్లముందుకొస్తుంది, ఈ జిల్లాల్లో ఇప్పుడు బియ్యానికి కరువు లేదు. అయితే పిల్లల ఎత్తు బరువులు కొలిచింది బయటివాళ్లేమీ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మన ప్రభుత్వానిదే, దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 35.5 శాతం మంది ఎదగాల్సినంత ఎత్తు ఎదగలేదని, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని చెప్పింది. అదే ప్రభుత్వ లెక్కల్లో 1971లో ఏడాది నిండకుండా చనిపోయే పిల్లలు వెయ్యికి 129 మంది, 2020లో 28. బతికే పిల్లలు పెరిగారు, బలంగా పెరిగే పిల్లలు అంతగా పెరగలేదు.

## ఇప్పుడు మనమే బయటివాళ్లం

పాలమూరు లేబర్ అంటే ఒకప్పుడు దేశమంతా తెలుసు. డ్యాములు, కాలువలు, రోడ్లు, ముంబై బిల్డింగులు. అక్కడివాళ్లకు వాళ్లు పేరులేని గుంపు, మురికిగా ఉంటారనీ, ఎక్కడంటే అక్కడ పడుకుంటారనీ చూసిన చూపు. వలసలు ఆగిపోయాయని ఒక పక్షం, తగ్గాయి గానీ ఆగలేదని ఇంకో పక్షం ఇప్పటికీ వాదించుకుంటున్నాయి. కాలువలు వచ్చిన ఊళ్లలో తగ్గడం, రాని ఊళ్లలో సాగడం రెండూ చూడొచ్చు.

ఈలోగా మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో బస్తాలు మోసేది బిహార్ హమాలీలు, నాట్లకు దిగే గుంపుల్లో బెంగాల్, ఉత్తరప్రదేశ్ మనుషులు. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలినప్పుడు లోపల చిక్కుకున్న ఎనిమిది మందీ జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకశ్మీర్‌ల నుంచి వచ్చినవాళ్లు. నల్లగొండ మెట్టకు కృష్ణా నీళ్లు తేవాల్సిన సొరంగం అది.

ఆ హమాలీని మనం ఎలా చూస్తున్నామో టీకొట్ల దగ్గర వినబడుతూనే ఉంటుంది, పాలమూరు కూలీ గురించి ముంబైలో అన్న మాటలే. లెక్కల్లో కూడా అతనిది అదే స్థానం. మిర్యాలగూడలో అతను మోసిన బస్తా విలువ తెలంగాణ ఆదాయంలో కలుస్తుంది. తలసరి తీసేటప్పుడు భాగించే జనాభా పాత జనాభా లెక్కల నుంచి అంచనా వేసింది కాబట్టి, సీజన్‌కు వచ్చిపోయే అతను అందులో ఉండడు. అతని ఇంటి కట్టెల పొయ్యి, బడి మానేసిన పిల్ల, బరువు లేని బాబు మాత్రం 2019-21లో 33.76 శాతంతో దేశంలోనే అట్టడుగున ఉన్న బిహార్ పేదరికం లెక్కలో చేరతారు.